చేత్తో చేసిన సరుకు మీద చేసినవాడి పేరు ఉండాలా, వద్దా?

విభాగం: సామాను – తయారీ, మరమ్మతు

టెక్కలి_కుట్టు (టెక్కలి)

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గాని రాయడం తక్కువ. టెక్కలిలో మిషన్ పెట్టుకుని సైకిల్ బ్యాగులు, ట్రెక్కింగ్ సంచులు, టార్పులు, ఊయలలు కుడుతుంటాను. 2018లో తితలీ తుపాను తరవాత టార్పాలిన్లు అతికి కుట్టిమ్మని జనం వరసకట్టారు. అప్పుడు మందపాటి గుడ్డ మీద చెయ్యి తిరిగి ఇటు వచ్చేశాను. జాకెట్లు, ఫాల్సులు ఇప్పుడు మా ఆవిడ చూసుకుంటోంది.

తేలినీలాపురం పక్షుల ఫొటోలు తీసే ఒకాయన ఈమధ్య కెమెరా సంచి చేయించుకున్నారు. తీసుకెళ్ళేటప్పుడు దీని మీద నీ సంతకం పెట్టవయ్యా అన్నారు. నవ్వి ఊరుకుందామంటే జేబులోంచి పెన్ను తీసి చేతికిచ్చారు. సరే అని లోపలి అరలో పెట్టాను.

ఇది ఒకవైపు. విశాఖలో ఒక షాపుకి నెలనెలా సంచులు వేస్తాను. నా పేరు, ఊరు అచ్చేసిన చిన్న పట్టీ లోపలి కుట్టులో పెట్టి పంపితే, అక్కడ బ్లేడుతో కోసి పారేసి వాళ్ళ లేబుల్ పైన వేసుకుంటున్నారు. ఒక సంచికి కోసినచోటే కుట్టు వదిలిపోయి వాపసు వచ్చింది. ఆ నష్టం కూడా నా లెక్కలోనే రాశారు.

అసలు పేరు పెట్టుకోవాలా? పెడితే ఎక్కడ, దేంతో? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

తక్కువబరువు (విజయనగరం)

నా ఓటు వద్దనే. సంచి కొనేవాడికి కావాల్సింది బరువు, గుడ్డ, కుట్టు, ధర. మీ పేరుతో నీళ్ళు ఆగవు కదన్నా. నేను కొన్న ప్రతి దానికీ ఇంటికి రాగానే లేబుళ్ళు కత్తిరించేస్తాను, గ్రాములు మిగులుతాయి. పైగా సంతకం ఉందని ధర పెంచేవాళ్ళని చూశాం. అది సరుకు అమ్మడం కాదు, కథ అమ్మడం.

కొలిమి_బాబు (రాజాం)

మాది కమ్మరం. నాన్నగారు ఇప్పటికీ కొలిమి దగ్గరే. కత్తులు, గొడ్డళ్ళు, కొడవళ్ళు, అన్నీ లారీ కమాన్ కట్టల ఉక్కుతోనే. ఆయన చదువుకోలేదు. బ్యాంకులో సంతకం అంటే వేలిముద్రే. కానీ ఆయన చేసిన కత్తికి, పిడిలోకి దిగే తోక మొదట్లో ఉలి గాట్లు మూడుంటాయి. రెండు నిలువు, వాటిని కోస్తూ ఒకటి ఏటవాలు. సంతలో పాత గిరాకీలు కత్తి చేతికి తీసుకోగానే ముందు పదును చూడరు, అక్కడ బొటనవేలు పెట్టి తడుముతారు. గాట్లు తగిలితేనే బేరం.

తక్కువబరువు గారూ, దాని బరువు సున్నా. ఇంకా చెప్పాలంటే కొంచెం ఇనుము పోతుంది కూడా.

ఇనుము మీద గుర్తు వేసేవాళ్ళకి ఒక మాట. ఎర్రగా ఉన్నప్పుడే వేయాలి, నీళ్ళలో ముంచి గట్టిపరిచేముందు. గట్టిపడ్డాక ఉలి జారిపోతుంది. మొండిగా కొడితే రేకు పగులుతుంది. అంచు దగ్గరికి తేకూడదు, సన్నటి మెడ మీద వేయకూడదు. లోతైన గాటు ఎక్కడుంటే బీట అక్కడే మొదలవుతుంది. మందం ఎక్కువున్నచోటే దానికి స్థలం.

తాటిపూడి_గాలం (విజయనగరం)

కొలిమి బాబు చెప్పిన పద్ధతే స్వీడన్‌లో గ్రాన్స్‌ఫోర్స్ బ్రుక్ అనే గొడ్డళ్ళ కంపెనీలో ఉంది. 1902 నుంచి ఉన్న కార్ఖానా. గొడ్డలి తల మీద కంపెనీ ముద్ర ఉంటుంది, దాని పక్కన ఆ తలని సాగగొట్టిన కమ్మరి పొడి అక్షరాలు ఉంటాయి. అంటే కంపెనీ పేరూ ఉంది, మనిషి పేరూ ఉంది, రెండూ కొట్టుకోవడం లేదు. టెక్కలి అన్న షాపువాళ్ళకి ఇది చూపించాలి.

నాకు గాలం పిచ్చి కాబట్టి ఇంకోటి. వెదురు గాలం కర్రలు చేసేవాళ్ళు వెదురుని చీల్చి, ఆరు బద్దలని ముక్కోణంగా చిత్రిక పట్టి, అతికించి ఒక కర్ర చేస్తారు. చేతిపిడికి కొంచెం పైన సన్నటి ఇంకుతో చేసినవాడి పేరు, కర్ర పొడవు, దానికి సరిపోయే దారం నంబరు రాసి, ఆ పైన వార్నిష్ వేస్తారు. వార్నిష్ కింద ఉంది కాబట్టి ఏళ్ళు గడిచినా పోదు. రాసిన దాంట్లో సగం కొన్నవాడికి పనికొచ్చే సమాచారమే, ఒట్టి గొప్ప కాదు. నాకు అది నచ్చింది.

మాస్టారు_శ్రీకాకుళం

రిటైరయ్యాక ఇలాంటి చర్చలు చూస్తే ఆగలేను, నిడివి ఎక్కువైతే మన్నించండి.

మన ఇళ్ళలో పేరు లేని గిన్నె ఏదైనా ఉందా? పెళ్ళిలో ఇచ్చిన ఇత్తడి బిందె మీద ఇచ్చినవాళ్ళ పేరు, తేదీ. స్టీలు గ్లాసుల మీద ఇంటాయన పేరు. నా చిన్నప్పుడు పాత్రల కొట్టు బయట కూర్చుని టకటకా చుక్కలతో పేర్లు కొట్టేవాళ్ళు ఉండేవారు, వాళ్ళ చేతి అక్షరాలు అచ్చుకన్నా అందంగా ఉండేవి. గుళ్ళో ట్యూబ్‌లైటు మీద దాత పేరు ఎంత పెద్దగా రాస్తారంటే సగం వెలుతురు దానికే సరి. కొన్నవాడి పేరు ఉంటుంది, ఇచ్చినవాడి పేరు ఉంటుంది. పోత పోసినవాడి పేరు మాత్రం ఎక్కడా కనిపించదు. మన సారవకోట మండలం బుడితిలో తరతరాలుగా ఇత్తడి, కంచు పని చేస్తున్నారు. మా ఇంట్లో బుడితి చెంబు ఉంది, దాని మీద మా తాతగారి పేరుంది. చేసినాయన ఎవరో మా తాతగారికి తెలిసే ఉంటుంది, మాకు తెలియదు.

అలాగని ఇది మన పద్ధతే కాదనడం కుదరదు. కర్ణాటకలోని హొయసల గుళ్ళలో శిల్పులు విగ్రహాల కింద పేర్లు చెక్కుకున్నారు. మల్లితమ్మ అనే శిల్పి పేరు ఎన్నో గుళ్ళలో దొరుకుతుంది. అంతకు ఎంతో ముందు, 8వ శతాబ్దంలోనే పట్టదకల్లు విరూపాక్షాలయం కట్టిన సూత్రధారి (అంటే ప్రధాన శిల్పి) గుండ అనివారితాచారి పేరు శాసనానికి ఎక్కింది. పాలంపేట గుడిని దేవుడి పేరు కన్నా శిల్పి రామప్ప పేరుతోనే జనం పిలుస్తున్నారని చెప్పుకుంటాం. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు కూడా ఆ పేరే వినబడింది.

తక్కువబరువు

మాస్టారూ, దండాలు. కానీ రామప్ప గుడిని ఎవరూ భుజాన వేసుకుని కొండెక్కరు కదండీ.

మాస్టారు_శ్రీకాకుళం

ఎక్కరు నాయనా. అందుకే దాని లేబుల్ ఇంకా ఎవరూ కత్తిరించలేదు.

వంశధార_వల (కళింగపట్నం)

మా మామయ్య విసురు వలలు అల్లుతాడు. ఇప్పుడు అందరూ మిషన్ వలే కొంటున్నారు గాని, ఏటిలోకి దిగేవాళ్ళు కొందరికి ఇంకా చేతి వలే కావాలి. దాని మీద పేరెక్కడ రాస్తారు? రాయక్కర్లేదు. వల విప్పి పరిస్తే చాలు, మా ఊరోళ్ళు చెప్పేస్తారు ఇది ఎవరి చెయ్యని. నడినెత్తిన మొదటి వరస ఎలా ఎత్తుకున్నాడు, కన్నులు పెంచుకుంటూ పోవడానికి ఎన్ని కన్నులకి ఒక కన్ను కలిపాడు, కింద సీసం గుళ్ళు కట్టేటప్పుడు ముడి రెండుసార్లు వేశాడా మూడుసార్లా, అన్నీ తెలిసిపోతాయి. మామయ్య ముడి బిగించాక దారం చివర పంటితో కొరుకుతాడు, బ్లేడు వాడడు. ఆ చివర పీచులా ఉంటుంది. ఇంకేటి సంతకం కావాలి?

నేను వద్దనే అంటాను. ఎందుకో చెప్తాను. పేరు రాస్తే చిరిగిన ప్రతిసారీ తెచ్చి గుమ్మంలో పడేస్తారు. రాయికి తగిలి చిరిగినా నీ వలే కదా అంటారు.

తాటిపూడి_గాలం

తమ్ముడూ, పేరు రాయకపోయినా ఇప్పుడు తేవడం లేదా మరి?

వంశధార_వల

తెస్తారన్నా. ఆయనే బాగుచేస్తాడు, డబ్బులు కూడా సరిగ్గా అడగడు. అదే మా అత్త బాధ.

కోట_దారం (విజయనగరం)

మీ ఊళ్ళో వల చూసి చెయ్యి గుర్తుపట్టేవాళ్ళు ఉన్నారు కాబట్టి పేరు అక్కర్లేదు. టెక్కలి అన్న సంచి బెంగళూరు వెళ్తే అక్కడ గుర్తుపట్టేదెవరు? సరుకు ఊరు దాటినప్పుడే పేరు అవసరం.

ఇక నా సంగతి. విజయనగరంలో ఆడవాళ్ళం కలిసి చిన్న కుట్టు యూనిట్ నడుపుతున్నాం. స్లీపింగ్ బ్యాగ్ లైనర్లు, వానకి బ్యాగు మీద వేసే కవర్లు, నీళ్ళ సీసా సంచులు. ఇక్కడ ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఎవరి సంతకం? గుడ్డ కత్తిరించేది ఒకరు, జిప్పు వేసేది ఒకరు, పట్టీలకి అడ్డకుట్లు వేసేది ఒకరు, చివర దారాలు తీసి చూసేది ఇంకొకరు. పొందూరు ఖద్దరునే చూడండి. వాలుగ చేప దవడ పెట్టి పత్తి ఏకడం దగ్గరనుంచి వడకడం, నేయడం వరకూ ఎన్ని చేతులు మారుతుందో. నేసినవాళ్ళ పేరొక్కటే వేస్తే అంత సన్నం నూలు వడికిన ఆవిడకి న్యాయమా?

మేం ఒకసారి పూర్తి పేరు, ఫోన్ నంబరు అచ్చేసి పెట్టాం. రెండు గొడవలు. మొదటిది ఫోన్లు. సంచి బాగుందని చెప్పడానికి అని రాత్రి పదకొండుకి చేసేవాళ్ళు. ఒకడైతే వీడియో కాల్. ఆ అమ్మాయి భర్త పని మానిపించేస్తానన్నాడు. రెండోది ఇంటిపేరు. మన దగ్గర ఇంటిపేరు చూడగానే ఎవరేమిటో లెక్కేసుకునేవాళ్ళు ఉన్నారని మీకు తెలియనిది కాదు. నా పేరు వద్దక్కా, సంచి అమ్ముడుపోతే చాలు అని ఒకావిడ అన్నప్పుడు నాకు నోట మాట రాలేదు.

మగవాళ్ళు సంతకం గురించి మాట్లాడేటప్పుడు ఇవి గుర్తుకు రావు. తప్పని కాదు, చెప్తున్నాను.

టెక్కలి_కుట్టు

నిజమే మేడమ్, నాకు తట్టలేదు. మా ఆవిడకి చదివి వినిపించాను. నీ సంచులకి పట్టీలు కుట్టేది నేను, సంతకం నీదా అని అడిగింది. ఇంట్లో కొత్త టెన్షన్ మొదలైంది.

ఇప్పుడు మీరేం చేస్తున్నారు?

కోట_దారం

నంబరు. ప్రతి సంచి లోపల ఒక అంకె, యూనిట్ పేరు, యూనిట్ ఫోను, అంతే. ఆ అంకెకి ఎదురుగా రిజిస్టరులో రాస్తాం. గుడ్డ, జిప్పు ఏ చుట్టలోవి, కత్తిరించింది ఎవరు, జిప్పు ఎవరు, చూసింది ఎవరు. ఎవరైనా వాపసు తెస్తే పుస్తకం తీస్తాం. మొన్నొకటి జిప్పు ఊడిందని వచ్చింది. రిజిస్టరు చూస్తే ఆ చుట్టలో జిప్పులన్నీ అంతే, కుట్టినావిడ తప్పు కాదని తేలింది. లేకపోతే ఆవిడ కూలిలో కోత పడేది. పేరుతో వచ్చే గౌరవం ఎలా ఉన్నా, పుస్తకం వల్ల అపవాదు తప్పింది.

పేరు వేసుకోవాలని ఉన్నవాళ్ళు మొదటి పేరు వేసుకుంటారు. ఇద్దరు వేసుకుంటున్నారు. ఒకావిడ పేరు బదులు చిన్న జామాకు కుడుతుంది.

తాటిపూడి_గాలం

మేడమ్, మీరు చేస్తున్నది అమెరికాలో ఓల్డ్ టౌన్ అనే పడవల కంపెనీ ఎప్పుడో చేసింది. చెక్క చట్రం మీద కాన్వాస్ గుడ్డ బిగించిన చిన్న పడవలు. పడవ కొస చెక్క మీద నంబరు కొట్టేవారు. ఆ నంబరు పట్టుకుంటే ఏ చెక్క వాడారు, ఏ రంగు వేశారు, ఎప్పుడు ఎక్కడికి పంపారు అన్నీ రికార్డులో దొరుకుతాయి. తాతల నాటి పడవ పాకలో దొరికినవాళ్ళు ఇప్పటికీ ఆ కాగితాలు తీయించుకుని, అదే రంగు వేయించుకుంటున్నారు.

పుణ్యగిరి_తాడు (శృంగవరపుకోట)

ఎక్కడ, దేంతో అన్న ప్రశ్న అందరూ వదిలేశారు. నాకు అదే ముఖ్యం, ఎందుకంటే దాని మీద మనుషులు వేలాడతారు.

బరువు మోసే దేని మీదా మార్కర్ పెన్ను పెట్టొద్దు. కొండలెక్కే తాళ్ళ మీద నడిమి గుర్తు కోసం పెన్నులతో గీస్తే ఏమవుతుందో 2002 ప్రాంతంలో యూఐఏఏ (అంతర్జాతీయ పర్వతారోహణ సమాఖ్య) వాళ్ళు పరీక్షించి హెచ్చరించారు. మనిషి జారిపడితే తాడు ఎన్నిసార్లు తట్టుకుంటుందో ఆ లెక్క గీసినచోట సగం వరకు పడిపోవచ్చని తేలింది. తాళ్ళకనే అమ్మే పెన్నులతో కూడా. తాడు తయారుచేసినవాడు ఫలానా ఇంకు వాడొచ్చని చెబితే తప్ప వద్దు. టెక్కలి అన్నా, ఊయల కుడతానన్నారు. దాని పట్టీల మీద, తాళ్ళు కట్టే చివర్ల మీద సంతకం గింతకం ఏమీ వద్దు. గుడ్డ సంచి కూడా వస్తుంది కదా ఊయలకి, దాని మీద రాయండి.

టార్పు అయితే ఇంకు ఫరవాలేదు గాని సూది వద్దు. సిలికాన్ పూత నైలాన్ మీద పేరు ఎంబ్రాయిడరీ చేస్తే ప్రతి అక్షరం ఒక జల్లెడ. వానకి మీ పేరు నుంచే నీళ్ళు కారతాయి. ఎలాగూ అంచు మడిచి కుడతారు, ఆ మడతలో పట్టీ దూర్చేయండి, అదనపు రంధ్రం అక్కర్లేదు.

నడుముకి కట్టుకునే హార్నెస్ చేత్తో కుట్టి సంతకం పెట్టి అమ్మేవాళ్ళు ఎవరైనా ఉంటే నాకు మాత్రం చూపించకండి, నిద్ర పట్టదు.

బొబ్బిలి_వకీలు (బొబ్బిలి)

ఆ విశాఖ షాపు సంగతి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉత్పత్తిదారు ఎవరనే దానికి నిర్వచనం ఉంది. వస్తువు చేసినవాడే కాదు, వేరొకరు చేసిన వస్తువు మీద తన గుర్తు వేసుకున్నవాడు కూడా అందులోకి వస్తాడు. లేబుల్ మార్చేశారంటే ఆ సంచి వల్ల ఎవరికైనా నష్టం జరిగినప్పుడు మాదేం లేదు, టెక్కలి టైలర్‌ని అడగండి అనడం అంత తేలిక కాదు. మీరూ తయారుచేసినవారే కాబట్టి మీ బాధ్యత పోతుందని మాత్రం అనుకోకండి. పేరు ఉన్నా లేకపోయినా బాధ్యత ఉంటుంది. పేరు లేకపోతే మంచిపేరు ఒక్కటే పోతుంది.

కోసిన చోట ఊడిన సంచి ఖర్చు మీ లెక్కలో రాయడం గురించి: కోయకముందు ఫొటో ఉంచుకోండి, పంపే చీటీ మీద లేబుల్‌తో సహా పంపాం అని రాయండి. వచ్చే నెలనుంచే.

జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు గురించి ఎవరో ఒకరు ఎత్తుతారు కాబట్టి నేనే చెప్పేస్తాను. మా బొబ్బిలి వీణకి ఉంది, బుడితి ఇత్తడికి ఉంది. అది ఊరి పేరుని కాపాడుతుంది. ఇంకెక్కడో చేసి బొబ్బిలి వీణ అని అమ్మకుండా అడ్డుకుంటుంది. గొల్లపల్లిలో ఒకే పనస దుంగ తొలిచి వీణ చేసిన ఫలానా మనిషి ఎవరో అది చెప్పదు. చేనేతకి 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్కు కూడా ఇది మగ్గం మీద నేసిందే అని చెబుతుంది, ఎవరు నేశారో పైకి చెప్పదు. ఊరి పేరు ఒక రక్షణ, మనిషి పేరు వేరే.

తక్కువబరువు

వకీలు గారూ, సంతకాన్ని మాత్రం దొంగిలించలేరా? పేరు పెరిగితే దొంగ సంతకాలు వస్తాయి. జపాన్ కత్తుల సంగతి చదివాను. పిడి లోపల దాగే తోక మీద కమ్మరి పేరు చెక్కుతారు, అచ్చం కొలిమి బాబు నాన్నగారిలా. పేరున్న కమ్మరుల సంతకాలు దొంగవి ఎన్నో తిరుగుతున్నాయట. అందుకని నిపుణులు ముందు ఉక్కు చూసి, ఆకారం చూసి ఇది ఎవరిదో అంచనా కట్టి, ఆ తరవాతే సంతకం నమ్మాలా వద్దా చూస్తారు. అంటే చివరికి పనే సాక్ష్యం. నేను మొదట్నుంచీ అంటున్నది అదే.

కొలిమి_బాబు

అది నిజమే గాని, పని చూసి చెప్పగలిగే నిపుణుడు ఒక్కడైనా ఉండాలంటే ముందు ఆ కమ్మరి పేరుతో ఉన్న అసలు కత్తులు కొన్ని మిగలాలి కదండీ. పేరే వేయకపోతే దేంతో పోల్చి చూస్తారు?

ఇక్కడా దొంగ గాట్లు వచ్చాయి. ఒకడు మూడు గాట్లు వేసి సంతలో అమ్మాడు. నాన్నగారు పోట్లాడలేదు. కత్తి ఒకటి కొనుక్కొచ్చి వంచి చూశారు, వంగినది వంగినట్టే ఉండిపోయింది. సంతలో పదిమంది ముందు ఇంకోసారి వంచారు. అంతే.

వంశధార_వల

అన్నా, మీ నాన్నగారి దగ్గర ఒక కత్తి కావాలి. చేపల కత్తి కాదు, ముళ్ళకంప కొట్టేది.

నిర్వాహకుడు

అమ్మకాలు, కొనుగోళ్ళు వేరే విభాగంలో. ఇక్కడ వద్దు, దయచేసి.

టెక్కలి_కుట్టు

అందరికీ ధన్యవాదాలు. అన్నీ చదివి, ఇంట్లో కూడా మాట్లాడి ఇలా అనుకున్నాం.

సంచి అడుగు భాగం రెండు పొరలు. పై పొర తిరగేసి మూయకముందు, లోపలి పొర వెనకవైపు గుడ్డ ఇంకుతో ఇద్దరి పేర్లూ రాస్తున్నాం. నాది, మా ఆవిడది, నెల, సంవత్సరం, వాడిన దారం, సూది సైజు. అది బయటికి కనిపించదు. అడుగు చిరిగి ఎవరైనా విప్పినప్పుడే కనిపిస్తుంది. విప్పినవాడు దర్జీయే అయి ఉంటాడు కాబట్టి దారం సైజు వాడికి పనికొస్తుంది. గాలం కర్ర మీద దారం నంబరు రాస్తారన్న మాట నుంచే ఇది తట్టింది. షాపువాడు దీన్ని కోయాలంటే సంచి మొత్తం విప్పాలి.

పైకి కనిపించే పట్టీ మీద పేరు బదులు అంకె, టెక్కలి, మిషన్ దగ్గరి ఫోను. రిజిస్టరు పెట్టాను, రూళ్ళ పుస్తకం. కోట దారం మేడమ్ పద్ధతే. ఊయల తాళ్ళ మీద ఏమీ లేదు, పుణ్యగిరి గారు నిశ్చింతగా పడుకోవచ్చు.

షాపుకి వకీలు గారు చెప్పినట్టు చీటీ మీద రాసి పంపాను. ఫోన్ చేసి కోపపడ్డారు. ఇలాగైతే వేరే టైలర్‌ని చూసుకుంటాం అన్నారు. చూసుకోమన్నాను. మా ఆవిడ వెనకనుంచి ఇంకా గట్టిగా అంది. సరుకు మాత్రం ఈ నెల కూడా తీసుకున్నారు, వచ్చే నెల సంగతి తెలియదు.

తక్కువబరువు

లోపలి పొర మీద ఇంకుకి బరువు లేదు, ఒప్పుకుంటాను. పట్టీ మాత్రం నేను కత్తిరిస్తాను.

టెక్కలి_కుట్టు

కత్తిరించుకోండి సార్, అందుకే కుట్టు బయటికి పెట్టాను, బ్లేడు తగిలినా సంచి ఊడదు. అంకె మాత్రం ఎక్కడైనా రాసి పెట్టుకోండి.

పుణ్యగిరి_తాడు

సూది సైజు కూడా రాస్తున్నారన్నారు కదా. ఐదువందల డెనియర్ కార్డురాకి (మందపాటి నైలాన్ సంచి గుడ్డ) పద్దెనిమిదా, పదహారా? నాది ప్రతిసారీ దారం తెగుతోంది.

టెక్కలి_కుట్టు

బాండెడ్ నైలాన్ దారం అయితే పద్దెనిమిది. సన్నం దారం అయితే పదహారు చాలు. తెగుతోందంటే ముందు సూది మొన మొద్దుబారిందేమో చూడండి, గోరు మీద గీసి చూస్తే తెలిసిపోతుంది. తెగిన చివర ఫొటో పెట్టండి, పీచులా విడిపోయిందా, తునిగినట్టు ఉందా చూసి చెప్తాను.